శాపం కథ చాలు, శాసనం చదువుదాం: టుటన్‌ఖామున్ చరిత్ర చెప్పేవారికి బహిరంగ లేఖ

మహాశయులకు నమస్కారం.

తెలుగులో ప్రాచీన ఈజిప్టు గురించి పుస్తకాలు, వ్యాసాలు రాస్తున్న రచయితలకు, అనువాదకులకు, వీడియోలు రూపొందిస్తున్నవారికి, పిల్లల పత్రికల సంపాదకులకు ఈ లేఖ రాస్తున్నాను. గీజా పిరమిడ్ల సమీపంలో గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 నవంబరు 1న అధికారికంగా ప్రారంభమై, టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన ఐదు వేలకు పైగా వస్తువులను ఒకే చోట ప్రదర్శనకు పెట్టినప్పటి నుంచి ఈ బాలరాజు పేరు మన భాషలో మళ్లీ జోరుగా వినిపిస్తోంది. అందుకు సంతోషమే. కానీ వినిపిస్తున్న కథ మాత్రం పాతదే: పది కిలోల బంగారు ముసుగు, 1922 నవంబరులో పురావస్తు నిపుణుడు హోవర్డ్ కార్టర్ కనుగొన్న సమాధి, 1923 ఏప్రిల్‌లో ఆ తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నర్వన్ మరణం, దాని వెంటే సమాధి తెరిచినవారిని వెంటాడే శాపం. ఆ సమాధిని తెరిచి, సుమారు పదేళ్లు అందులోని వస్తువులను ఒక్కొక్కటిగా బయటికి తెచ్చిన కార్టర్ 1939 దాకా బతికాడన్న సంగతిని ఈ కథకుల్లో చాలామంది చెప్పరు. శాపం గురించి ఇంతకు మించి రాయవలసింది ఏమీ లేదు.

నేను అడగదలచుకున్నది వేరే విషయం. టుటన్‌ఖామున్ సుమారు క్రీ.పూ. 1332 నుంచి 1323 వరకు, అంటే తొమ్మిది పదేళ్లు రాజ్యం చేశాడు. ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉన్నప్పుడు సింహాసనం ఎక్కి, పద్దెనిమిది పంతొమ్మిదేళ్లకే చనిపోయాడు. ఆ స్వల్పకాలంలో అతడి పేరు మీద జరిగిన అతి పెద్ద పని, తండ్రి కాలంలో అణగదొక్కబడిన పాత దేవతల ఆలయాలను, ఆదాయాలను, ఉత్సవాలను తిరిగి నిలబెట్టడం. అతడి ప్రజలు తమ రాజును ఏ పనితో గుర్తుపెట్టుకుని ఉంటారని అడిగితే, వాళ్లెన్నడూ కంటితో చూడని సమాధి బంగారంతో మాత్రం కాదు. అటువంటి పనికి మన వ్యాసాల్లో రెండు వాక్యాలు, వీడియోల్లో అర నిమిషం దక్కుతున్నాయి.

ఆ అర నిమిషం కూడా సాధారణంగా రెండు దారుల్లో ఒకదానిలో నడుస్తుంది. మొదటి దారిలో తండ్రి అఖెనాటెన్ ప్రపంచంలోనే తొలి ఏకేశ్వరవాది, సంస్కర్త, దాదాపు హేతువాది. అతడు పోగానే, అంతకుముందు దేశపు ప్రధాన దేవుడైన అమున్ పూజారులు కుట్ర పన్ని, ఏమీ తెలియని పసివాడిని కీలుబొమ్మను చేసి, దేశాన్ని మళ్లీ మూఢనమ్మకాల్లోకి నెట్టారు. రెండో దారిలో తండ్రి ధర్మం తప్పినవాడు, కొడుకు ధర్మాన్ని నిలబెట్టినవాడు. దేవతలు అలిగితే దేశం ఏమవుతుందో చూడండని ముక్తాయింపు. రెండూ మన ఊళ్లో మనం పోట్లాడుకునే విషయాలే. వాటికి ఈజిప్టు వేషం కట్టి, నైలు నది ఒడ్డున నిలబెట్టి ఆడిస్తున్నాం. మూడు వేల మూడు వందల ఏళ్ల కిందటి మనుషులకు ఆ వేషాలు సరిపోవు.

అసలు అఖెనాటెన్ ఏం చేశాడో ముందు సరిగా చెప్పవలసి ఉంది. 18వ రాజవంశానికి చెందిన నాలుగో అమెన్‌హోటెప్ తన పాలన 5వ ఏట అఖెనాటెన్‌గా పేరు మార్చుకుని, దక్షిణాన ఉన్న థీబ్స్ నగరానికీ ఉత్తరాన ఉన్న మెంఫిస్ నగరానికీ ఇంచుమించు నడిమధ్య, అంతవరకు ఏ దేవుడికీ చెందని ఎడారి మైదానంలో అఖెటాటెన్ అనే కొత్త రాజధాని కట్టించాడు. నేడు దాన్ని అమర్నా అంటాం. సూర్యబింబమైన ఆటెన్‌ను మాత్రమే ఆరాధించే ఆ వ్యవస్థలో ఆటెన్‌కు నేరుగా పూజ చేసే అర్హత రాజుకూ రాణి నెఫర్‌టిటికీ వారి కుమార్తెలకే ఉండేది. మిగతావారు రాజకుటుంబాన్ని మొక్కాలి. ఆ నగరంలో సంపన్నుల ఇళ్లలో దొరికిన పూజా ఫలకాల మీద ఉన్నది రాజు, రాణి, వారి పిల్లలు. పైన సూర్యబింబం, దాని కిరణాల చివర చిన్న చిన్న చేతులు. దేవుడికీ భక్తుడికీ మధ్య పూజారిని తొలగించిన సంస్కరణగా దీన్ని వర్ణించేవారు, ఆ స్థానంలో రాజే వచ్చి కూర్చున్నాడన్న సంగతిని కూడా చెప్పాలి.

పాలన సాగేకొద్దీ ఉలులు పట్టుకున్న మనుషులు ఆలయాలకు వెళ్లి అమున్ పేరు కనిపించిన చోటల్లా చెక్కేశారు. స్వయంగా అఖెనాటెన్ తండ్రి మూడో అమెన్‌హోటెప్ కాబట్టి, ఆ పేరులోని అమున్ భాగాన్ని కూడా వదల్లేదు. ఇంత పట్టుదలను హేతువాదం అనడం నాకు సమ్మతం కాదు. మరోవైపు అదే అమర్నాలో, రాజుగారి సమాధులు తొలిచిన పనివాళ్ల వాడలో, ప్రసవాలను కాపాడే బెస్, తవెరెట్ దేవతల బొమ్మలు ఇళ్లలోనే దొరికాయి. రాజధాని నగరంలోనే మామూలు కుటుంబాలు పాత దేవతలను పూర్తిగా వదులుకోలేదని దీన్ని బట్టి తెలుస్తోంది. ఆ నగరంలోని సామాన్యుల శ్మశానాల్లో తవ్వి తీసిన ఎముకల మీద పోషకాహార లోపం, బరువులు మోసిన గాయాలు స్పష్టంగా కనిపించాయి. సూర్యకిరణాల చివరనున్న చేతులు జీవచిహ్నాన్ని అందించింది రాజకుటుంబం ముక్కుపుటాలకే.

ఇక ఆలయాల సంగతి. ఈజిప్టులో పెద్ద ఆలయం పూజా స్థలం మాత్రమే కాదు. దానికి పొలాలుండేవి, పశువులుండేవి, పడవలుండేవి, ధాన్యపు కొట్లుండేవి. లేఖకులు, నేతగాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, గాయకులు దాని మీద బతికేవాళ్లు. దేవుడికి నివేదించిన రొట్టెలూ బీరూ మాంసమూ ఆ తరువాత ఆలయ సిబ్బందికి జీతంగా పంపకమయ్యేవి. ధూపదీప నైవేద్యాలు ఆగిపోయాయంటే, దేవుడి పస్తుతో పాటు ఒక ఊరు ఊరంతా పస్తు పడ్డట్టే. కాబట్టి పునరుద్ధరణ అనే మాటను మత విశ్వాసపు ఖాతాలో మాత్రమే వేస్తే సగం కథ పోతుంది.

ఆ కథకు మనకున్న ప్రధాన సాక్ష్యం ఒక రాతి పలక. థీబ్స్‌లో కర్నాక్ అనే చోటనున్న అమున్ ఆలయంలో 1905లో ఫ్రెంచి పురావస్తు నిపుణుడు జార్జ్ లెగ్రాన్ దాన్ని బయటికి తీశాడు. ఎత్తు రెండున్నర మీటర్లు. కైరో మ్యూజియం జాబితాలో దాని సంఖ్య 34183. పరిశోధకులు దాన్ని పునరుద్ధరణ శాసనం అంటారు. మీలో ఎవరైనా టుటన్‌ఖామున్ గురించి ఒక్క మూలపత్రం మాత్రమే చదవగలిగితే, ఇదే చదవమని నా విన్నపం.

అందులోని విషయాన్ని నా మాటల్లో చెబుతాను. ఈ రాజు సింహాసనం ఎక్కేనాటికి దక్షిణాన ఎలిఫెంటైన్ మొదలుకుని ఉత్తరాన డెల్టా చిత్తడి నేలల దాకా దేవుళ్ల, దేవతల ఆలయాలు పాడుపడి ఉన్నాయి. గర్భగుడులు కూలి, పిచ్చిమొక్కలు మొలిచిన దిబ్బలుగా మారాయి. వాటి మండపాలు జనం నడిచే కాలిబాటలయ్యాయి. దేశం అల్లకల్లోలమైంది, దేవతలు ఈ నేలకు పెడముఖం పెట్టారు. ఈజిప్టు సరిహద్దులు పెంచడానికి సిరియా, పాలస్తీనా వైపు, అంటే వాళ్లు జాహి అని పిలిచిన ప్రాంతానికి, సైన్యాన్ని పంపితే ఫలితం దక్కలేదు. ఎవరైనా దేవుణ్ణి ప్రార్థించి సలహా అడిగితే ఆయన రాలేదు. దేవతను వేడుకుంటే ఆమె కూడా రాలేదు. అప్పుడు రాజు తన హృదయంతో తర్కించుకుని, తండ్రిగా భావించిన అమున్ దేవుడికి మేలు చేసే పనుల కోసం వెతికాడు.

ఇంతవరకే చదివి ఆపేస్తే రెండో దారి కథకులకు కావలసిన సరుకు దొరికినట్టే. కాబట్టి ఇదొక ప్రభుత్వ ప్రకటన అన్న సంగతిని పాఠకులకు వెంటనే గుర్తు చేయాలి. కొత్త ప్రభుత్వం పాత ప్రభుత్వపు లెక్కలు విప్పి, ఖజానా ఖాళీగా చేతికి వచ్చిందని చెప్పడం ఈజిప్టులో కూడా పాత అలవాటే. అంతకు ఒక శతాబ్దానికి పైగా ముందు రాణి హాట్‌షెప్సుట్ మధ్య ఈజిప్టులోని ఒక కొండగుడి ముఖం మీద చెక్కించిన శాసనంలో, ఒక దేవత ఆలయాన్ని నేల మింగేసిందని, దాని కప్పు మీద పిల్లలు గెంతులేసేవారని, తానే దాన్ని తిరిగి నిలబెట్టానని చెప్పుకుంది. కూలిన గుళ్లు, మొలిచిన పిచ్చిమొక్కలు, తిరిగి నిలబెట్టిన రాజు అనేది రాజశాసనాల్లో స్థిరపడ్డ ఒక వరుస. అంతమాత్రాన టుటన్‌ఖామున్ శాసనంలో నిజం లేదని నేను అనను. సైన్యం గురించిన ఫిర్యాదుకు వేరే చోట బలం దొరుకుతుంది. 1887లో అమర్నాలో బయటపడ్డ సుమారు 380 మట్టి పలకల్లో అధిక భాగం విదేశీ రాజులూ సామంతులూ రాసిన ఉత్తరాలే. బిబ్లోస్ పాలకుడు రిబ్-హద్దా సైనికులను పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. మితాన్నీ రాజు తుష్రత్త అయితే, పోత బంగారు విగ్రహాలు పంపుతామని మీ తండ్రి మాట ఇస్తే, మీరు చెక్కకు బంగారు రేకు తొడిగి పంపారేమిటని నిలదీశాడు. శాసనంలోని ఏ మాటను నమ్మాలో, ఏ మాటను రివాజుగా తీసుకోవాలో ఇలా పక్క సాక్ష్యాలతో తూచి చెప్పడమే చరిత్రకారుడి పని. ఆ తూకం మీ పాఠకులకు కూడా చూపించండి, వాళ్లు విసుక్కోరు.

మరో సాక్ష్యం కూడా ఉంది. నాకు ఇది శాసనం కన్నా విలువైనదిగా అనిపిస్తుంది. థీబ్స్ పశ్చిమ తీరంలో పైరి అనే అధికారి సమాధి గోడ మీద, అప్పటికే పాతబడిన ఆ సమాధిలోకి వచ్చిన ఎవరో సిరాతో ఒక ప్రార్థన రాసి వెళ్లారు. రాసిన తేదీ టుటన్‌ఖామున్‌ది కాదు. అతడికి ముందు పాలించిన నెఫర్‌నెఫరుఆటెన్ అనే పాలకుడి 3వ ఏటిది. పవాహ్ అనే వ్యక్తి తరఫున రాసిన ఆ ప్రార్థన అమున్‌ను మా వైపు ముఖం తిప్పమని, నిన్ను చూడాలని ఉందని వేడుకుంటుంది. ఆ పవాహ్ చేస్తున్న ఉద్యోగం ఏమిటంటే, థీబ్స్‌లో ఆ పాలకుడి పేరిట ఉన్న మందిరంలో అమున్ నైవేద్యాల లెక్కలు రాయడం. అంటే పసివాడు సింహాసనం ఎక్కక ముందే అమున్‌కు నైవేద్యాలు మళ్లీ మొదలయ్యాయి, వాటికి లెక్కలు రాసే గుమస్తా కూడా ఉన్నాడు. తలుపులన్నీ మూసుకుని ఉండగా ఒక బాలుడు వచ్చి ఒక్కసారిగా తెరిచాడన్న శాసనపు చిత్రం ఇక్కడ చెదిరిపోతుంది. పాలకులు మెల్లగా వెనక్కి నడవడం అంతకు ముందే ప్రారంభించారు. టుటన్‌ఖామున్ కాలంలో ఆ నడక బహిరంగ విధానమైంది, దానికి నిధులు దొరికాయి.

బాలుడు చేశాడా, పెద్దలు చేయించారా అన్న ప్రశ్న మీ వీడియోల్లో తరచుగా వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు పన్నుల విధానం రూపొందించలేదని చెప్పడానికి పరిశోధన అవసరం లేదు. దేవతండ్రి అనే బిరుదున్న వృద్ధ అధికారి ఆయ్, సైన్యాధిపతి హోరెంహెబ్, కోశాధికారి మాయా రాజ్యం నడిపించారు. కానీ వీళ్లలో అమున్ ప్రధాన పూజారి లేడన్న సంగతిని గమనించండి. కుట్ర పన్నిన పూజారుల గురించి సమకాలీన పత్రం ఒక్కటీ లేదు. ఆయ్ అమర్నాలోనే తన కోసం సమాధి తొలిపించుకున్నవాడు. ఆటెన్‌ను కీర్తించే సుప్రసిద్ధ స్తోత్రం పూర్తి పాఠం మనకు దొరికింది ఆయన సమాధి గోడ మీదే. తండ్రి కొలువులో ఆ స్తోత్రం చెక్కించుకున్న మనిషే కొడుకు కొలువులో అమున్‌కు దారి వేశాడు. కథకు ఒక దుష్టపాత్ర కావాలనే తొందరలో ఇటువంటి మనిషిని వదులుకోవడం, రచయితగా కూడా నష్టమే. ఇక రాజును చంపించారన్న ఊహ సంగతి: తల వెనుక దెబ్బే మరణకారణం అన్న పాత అనుమానాన్ని 2005లో మమ్మీకి చేసిన సీటీ స్కాన్ కొట్టిపారేసింది.

శాసనం వెలువడిన చోటు కూడా ఆలోచింపజేస్తుంది. అప్పుడు రాజు ఉన్నది అమున్ నగరమైన థీబ్స్‌లో కాదు; మొదటి థుట్మోస్ నెలకొల్పిన ఎస్టేటులోని భవనంలో, అంటే మెంఫిస్‌లో. కొలువు అమర్నాను విడిచి పరిపాలనకు అనువైన ఆ పాత నగరానికి చేరింది. పూజారుల ఒత్తిడికి లొంగిన రాజు అయితే కర్నాక్ నీడలో కాపురం పెట్టి ఉండాలి. మెంఫిస్ దేవుడైన ప్తాహ్‌కు కూడా శాసనంలో అమున్ తరువాత ఘనమైన స్థానం ఉంది. అక్కడి పవిత్రమైన ఆపిస్ వృషభానికి సక్కారాలో ఈ రాజు కాలంలోనే ఖననం జరిగింది.

శాసనం రెండో సగంలో పనుల పట్టిక ఉంటుంది. మన కథకులు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు, కథంతా అక్కడే ఉంది. అమున్ విగ్రహాన్ని ఎలెక్ట్రమ్, అంటే బంగారం వెండి కలిసిన లోహంతో, లాపిస్ లాజులి, ఫిరోజా వంటి రాళ్లు పొదిగి చేయించారు. దాన్ని 13 మోత కర్రల మీద నిలిపారు, ఇదివరకు ఈ దేవుడు 11 కర్రల మీదే ఉండేవాడు అని లెక్క తేల్చి మరీ రాశారు. పండుగల్లో ఉత్సవమూర్తిని పల్లకీ ఎక్కించి బోయీలు మోసుకెళ్లడం చూసిన తెలుగు పాఠకుడికి ఈ రెండు కర్రల తేడా ఏం చెబుతుందో వివరించనక్కర్లేదు: ఎక్కువ బంగారం, ఎక్కువ బరువు, ఎక్కువ భుజాలు, వీధిలో ఎక్కువ ఆర్భాటం. దేవుడి నదీ నౌకలను కొండవాలుల నుంచి తెచ్చిన కొత్త దేవదారుతో చేయించి, నైలు నది మెరిసేలా బంగారం తొడిగారు. ఆలయాల ఆస్తులను రెండింతలు, మూడింతలు, నాలుగింతలు చేశామని చెప్పుకున్నారు.

ఆ తరువాతి వాక్యాల్లో ఉద్యోగ నియామకాలు ఉంటాయి. అర్చకులను పట్టణాల పెద్దల పిల్లల్లోంచి, పేరు తెలిసిన మనిషి కొడుకుల్లోంచి ఎంపిక చేశామని రాజు ప్రకటించాడు. అంతఃపురంలో పనిచేసే దాసదాసీలను, గాయనీమణులను, నాట్యకత్తెలను దేవతల సేవకు అప్పగించి, వారి జీతభత్యాలు రాజభవనపు ఖర్చుల్లో రాసుకున్నాడు. అమున్ పూజారి వర్గం అంత బలంగా ఉండి, తెర వెనుక నుంచి చక్రం తిప్పుతున్నట్టయితే, అర్చకులను రాజు కొత్తగా వెతికి నియమించవలసిన అవసరం ఎందుకు వస్తుంది? ఈ వాక్యాల్లో నాకు కనిపించేది, స్థానిక పెద్ద కుటుంబాలను తిరిగి తన వైపు తిప్పుకుంటున్న ప్రభుత్వం. పోయిన మాన్యాలతో పాటు పోయిన హోదాను కూడా వాళ్లకు తిరిగి ఇచ్చి, జీతాలు తానే చెల్లిస్తూ, పగ్గాలు తన చేతిలో ఉంచుకుంది. కొన్నేళ్ల తరువాత సింహాసనం ఎక్కిన హోరెంహెబ్ తన పట్టాభిషేక శాసనంలో ఇదే పనిని ఇంకో పద్ధతిలో చేశానన్నాడు: ఆలయాలకు అర్చకులను సైన్యంలోని మేటి మనుషుల్లోంచి తెచ్చాడు. సైన్యాధిపతి కాబట్టి తనకు నమ్మకమైన మందలోంచి ఏరుకున్నాడు. రెండు శాసనాల్లోని ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఒక వీడియో చేసినా, ఒక ప్రభుత్వానికీ ఇంకో ప్రభుత్వానికీ ఉండే తేడా పాఠశాల పిల్లలకు కూడా అర్థమవుతుంది.

డబ్బు ఎక్కడిదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. టుటన్‌ఖామున్ 8వ ఏటి నాటి ఒక శిలాఫలకం దానికి జవాబు ఇస్తుంది: దేశమంతటా పన్నులు విధించి, దేవతలందరికీ నైవేద్యాలు ఏర్పాటు చేయమని కోశాధికారి మాయాకు రాజాజ్ఞ అందింది. అంటే పాలన చివరి ఏళ్లలో కూడా ఈ పని సాగుతూనే ఉంది. ఒక ఉదయం ఆజ్ఞ, సాయంత్రానికి గుడిగంటలు అన్నట్టుగా దాన్ని చిత్రించకండి.

పేరు మార్పు విషయంలోనూ ఇదే తొందర కనిపిస్తోంది. పుట్టినప్పుడు అతడు టుటన్‌ఖాటెన్, భార్య అంఖెసెన్‌పాటెన్. తరువాత ఇద్దరి పేర్లలోనూ ఆటెన్ పోయి అమున్ వచ్చాడు. ఆ రోజుతో ఆటెన్ శత్రువయ్యాడని మనవాళ్లు రాస్తున్నారు. బెర్లిన్‌లో ఒక చిన్న ఫలకం ఉంది: అందులో రాజు పాత పేరుతోనే, టుటన్‌ఖాటెన్‌గానే, అమున్‌కూ ముట్ దేవతకూ పూజ చేస్తున్నాడు. సమాధిలో దొరికిన బంగారు సింహాసనం వీపు మీద రాజదంపతుల తలల పైన ఆటెన్ కిరణాలు చేతులు చాచి ఉన్నాయి, ఆ సింహాసనం మీదే పాత పేర్లూ కొత్త పేర్లూ రెండూ ఉన్నాయి. ఆ వస్తువును దాచలేదు, కరిగించలేదు, రాజుతో పాటు సమాధిలో పెట్టారు. ఆటెన్ ఆలయాలను పునాదులదాకా కూల్చి, వాటి చిన్న రాళ్లను కర్నాక్ గోపురద్వారాల కడుపులో నింపడం పెద్ద ఎత్తున జరిగింది హోరెంహెబ్ కాలంలో. రెండో రామ్సెస్ నాటి ఒక ఆస్తి వివాదపు పత్రంలో అఖెనాటెన్ పేరు కూడా ఎత్తకుండా, అఖెటాటెన్ శత్రువు అని మాత్రమే రాశారు. ఆ కక్షను తీసుకొచ్చి బాలుడి ఖాతాలో వేయడం అన్యాయం. బాలుడి కాలంలో జరిగింది చేర్పు. తీసివేత చాలావరకు తరువాతి వారిది.

సమాధి వస్తువుల గురించి కూడా రాయమని అడుగుతాను, శాపం లేకుండా. ఎందుకంటే మ్యూజియంలో జనం గుమిగూడి చూస్తున్న వస్తువులే పునరుద్ధరణకు కళ్లెదుట నిలిచిన సాక్ష్యాలు. అఖెనాటెన్ శవపేటికను ఉంచే రాతి తొట్టె ముక్కలు అమర్నాలో దొరికాయి. దాని నాలుగు మూలలా చేతులు చాచి కాపలా కాస్తున్నది రాణి నెఫర్‌టిటి. టుటన్‌ఖామున్ రాతి తొట్టె నాలుగు మూలలా ఉన్నది ఐసిస్, నెఫ్తిస్, నీత్, సెర్కెట్ అనే నలుగురు దేవతలు, రెక్కలు విప్పి. అతడి అంతరావయవాలను భద్రపరచిన బంగారు మందిరం చుట్టూ కూడా వాళ్లే ఉన్నారు. తల మీద తేలును ధరించిన సెర్కెట్ రెండు చేతులూ చాచి, మెడ పక్కకు తిప్పి, ఎవరైనా వస్తున్నారేమోనన్నట్టు భుజం మీదుగా చూస్తోంది. ఆ మెత్తని ఒళ్లు, ముందుకు వంగిన మెడ, పలుచని వస్త్రపు మడతలు అమర్నా శిల్పుల చేతివాటం. దేవత పాతది, చెక్కిన చెయ్యి కొత్త బడిలో నేర్చుకున్నది. సమాధి గోడ మీద చిరుతతోలు కప్పుకుని రాజు మమ్మీకి నోరు తెరిచే క్రతువు చేస్తున్నవాడు ఆయ్. ఎదురుగా రాజు, చనిపోయినవారి లోకానికి అధిపతి అయిన ఒసిరిస్ దేవుడి రూపంలో నిలబడ్డాడు. అమర్నా సమాధుల్లో ఒసిరిస్ ప్రసక్తే ఉండేది కాదు. చనిపోయినవారికి వెళ్లడానికి ఒక లోకం తిరిగి దొరికింది. రొట్టెలు కాల్చేవాడి కుటుంబానికి కర్నాక్ మోత కర్రల కన్నా ఇదే ఎక్కువ ఊరట కలిగించి ఉంటుందని నా అభిప్రాయం.

లక్సర్ ఆలయంలో మూడో అమెన్‌హోటెప్ మొదలుపెట్టిన స్తంభాల మండపం గోడల మీద ఓపెట్ ఉత్సవాన్ని చెక్కించింది కూడా ఈ రాజు కాలంలోనే. అమున్ కర్నాక్ నుంచి లక్సర్‌కు వెళ్లి తిరిగి రావడం, ఒడ్డున తాళ్లు పట్టి నౌకను లాగేవారు, వాద్యగాళ్లు, వెనక్కి వంగి మొగ్గలు వేస్తున్న స్త్రీలు, బలికి కొవ్వెక్కించిన ఎద్దులు అన్నీ అక్కడ ఉన్నాయి. కొన్నేళ్లపాటు జరగని జాతర తిరిగి జరిగితే ఎలా ఉంటుందో ఊహించడానికి మీకు అంతకన్నా మంచి బొమ్మలు దొరకవు. నూబియాలోని సోలెబ్ ఆలయం కోసం తయారై, నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఎర్ర గ్రానైట్ సింహం మీద టుటన్‌ఖామున్ మూడో అమెన్‌హోటెప్‌ను తన తండ్రి అని చెప్పుకున్నాడు. 2010లో వెలువడిన డీఎన్‌ఏ పరిశోధన ప్రకారం అతడి తండ్రి రాజుల లోయలోని 55వ సమాధిలో దొరికిన వ్యక్తి. చాలామంది పండితులు ఆ వ్యక్తిని అఖెనాటెన్‌గానే భావిస్తున్నారు. తాతను తండ్రిగా చెప్పుకోవడంలో, మధ్యలో ఉన్న అఖెనాటెన్ పదిహేడేళ్ల పాలనను దాటేయాలన్న ఆత్రం కనిపిస్తుంది.

ఆ ఎత్తు చివరికి అతడికే ఎదురుతిరిగింది. పునరుద్ధరణ శాసనం మీద టుటన్‌ఖామున్ పేరును చెక్కేసి హోరెంహెబ్ తన పేరు వేసుకున్నాడు. లక్సర్ గోడల మీదా అదే పని చేశాడు. అబిడోస్‌లో తరువాతి కాలపు రాజు మొదటి సేటి చెక్కించిన రాజుల వరుసలో మూడో అమెన్‌హోటెప్ తరువాతి పేరు హోరెంహెబ్‌దే; అఖెనాటెన్, టుటన్‌ఖామున్, ఆయ్ ఎవరూ లేరు. దేవతలను నిలబెట్టిన రాజు కూడా దేవతలను పడగొట్టిన రాజు పక్కనే చెత్తబుట్టలో పడ్డాడు.

ఇక మీకు నా అభ్యర్థనలు. పునరుద్ధరణ శాసనం ఫొటో వాడేటప్పుడు, కింద టుటన్‌ఖామున్ పేరుతో పాటు దాని మీద చెక్కి ఉన్నది హోరెంహెబ్ పేరని కూడా రాయండి. బంగారు సింహాసనం బొమ్మ వేస్తే, పైనున్న సూర్యబింబం ఏ దేవుడిదో పాఠకుడికి చెప్పండి. పిల్లల పత్రికల్లో బొమ్మలు గీయించేవారు గుండు పూజారుల గుసగుసలకు బదులు 13 కర్రల మీద ఊరేగే అమున్‌ను గీయించండి. అఖెనాటెన్‌ను తొలి ఏకేశ్వరవాది అని శీర్షిక పెట్టేముందు, అమర్నాలోని ఇళ్లలో జనం ఎవరి బొమ్మకు మొక్కారో ఒక పేరా రాయండి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్న మమ్మీని చూసి ఈజిప్టు మీద ఇష్టం పెంచుకున్న పిల్లలు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆ మమ్మీ టుటన్‌ఖామున్‌కు శతాబ్దాల తరువాతి కాలానిదని, ఆ కాలంలో కూడా మృతదేహాలను కాపాడినది ఒసిరిస్, ఐసిస్, అనుబిస్‌లేనని వాళ్లకు చెబితే, బాలరాజు పేరిట జరిగిన పని ఎంతకాలం నిలిచిందో వాళ్లే లెక్క కట్టుకుంటారు. శాసనం పూర్తి పాఠాన్ని మూలభాష తెలిసిన పండితుల సహాయంతో, వివరణలతో సహా తెలుగులోకి తేవడానికి మీలో ఎవరైనా పూనుకుంటే, చదివి తప్పొప్పులు చూసిపెట్టడానికి నాబోటి పాఠకులు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ప్రాచీన చరిత్ర పాఠకుడు